ఏసీ వెంట్ల క్లీనింగ్: తిరుపతి షెడ్లలో దేనికి డబ్బులివ్వొచ్చు, డ్యాష్‌బోర్డులోకి తడి దిగితే ఏం చేయాలి

ఆయుధపూజకు వారం ముందు నుంచే తిరుపతిలో వాటర్ వాష్ షెడ్ల ముందు కార్లు బారులు తీరతాయి. బాడీ వాష్, అండర్ వాష్, పాలిష్‌ల పక్కన ఇప్పుడు చాలాచోట్ల బోర్డు మీద ఇంకో లైను కనిపిస్తుంది: ఏసీ వెంట్ క్లీనింగ్. వాసన పోతుంది, దుమ్ము పోతుంది, గాలి బాగా వస్తుంది అని చెప్తారు. పేరు ఒకటే అయినా చేసే పని షెడ్డుకో రకం. ఒకచోట రెక్కల మధ్యలోకి ఫోమ్ కొడతారు, ఒకచోట స్టీమ్ పెడతారు, ఇంకోచోట కంప్రెసర్ గాలి ఊదుతారు. కొద్దిచోట్ల మాత్రం బ్రష్షుతో దులిపి వాక్యూమ్ పెడతారు. ఈ నాలుగింటిలో మూడు పద్ధతులు డ్యాష్‌బోర్డు లోపలికి తడి పంపగలవు. ఆ తడి తెచ్చే ఎలక్ట్రికల్ తంటా అదే రోజు బయటపడొచ్చు, రెండు నెలల తర్వాత కూడా బయటపడొచ్చు. రెండు నెలల తర్వాత వచ్చినప్పుడు దాన్ని క్లీనింగ్‌తో ఎవరూ ముడిపెట్టరు. బాగున్న స్విచ్చులూ స్క్రీన్లూ మార్చేసి బిల్లు కట్టేస్తారు.

ముందు ఆ రెక్కల వెనక ఏముందో చూద్దాం. చాలా కార్లలో మధ్యలో ఉండే రెండు వెంట్ల నడుమో, వాటికి కాస్త కిందో హజార్డ్ స్విచ్ (నాలుగు ఇండికేటర్లనూ ఒకేసారి కొట్టుకునేలా చేసేది) ఉంటుంది. ఆ దగ్గర్లోనే టచ్ స్క్రీన్, ఏసీ కంట్రోల్ ప్యానెల్. డ్రైవర్ వైపు వెంట్ కింద హెడ్‌లైట్ లెవెలర్ లాంటి చిన్న స్విచ్చుల వరస ఉంటుంది. చాలా మోడళ్లలో ఆ లోపలే ఫ్యూజు బాక్సు, లాకులూ ఇండికేటర్లూ నడిపించే బాడీ కంట్రోల్ మాడ్యూల్ ఉంటాయి. ఎడమ వైపు గ్లవ్ బాక్సు వెనక ఏసీ గాలి ఊదే బ్లోయర్ మోటారు, దాని స్పీడు తగ్గించే రెసిస్టర్, క్యాబిన్ ఫిల్టర్. వెంట్ నుంచి లోపలికి వెళ్లే ప్లాస్టిక్ గొట్టాన్ని గాలి కోసం చేశారు. దాని అతుకుల దగ్గర ఒక స్పాంజి పట్టీయో, ఒట్టి క్లిప్పో ఉంటుంది. గాలి కాస్త లీకైనా నష్టం లేదు కాబట్టి అంతకు మించి సీలు పెట్టరు. నీళ్లు మాత్రం ఆ సందులోంచి జారి స్విచ్చు వెనకున్న కప్లర్ (తీగలు వచ్చి కలిసే ప్లాస్టిక్ ప్లగ్గు) మీద పడతాయి.

ఇంజిన్ వైపున్న కప్లర్లకు రబ్బరు సీళ్లుంటాయి. క్యాబిన్ లోపలి కప్లర్లకు ఎక్కువగా ఉండవు, అక్కడికి నీళ్లు రావన్న లెక్కతో కట్టారు. ఇంజిన్ మీద వాన పడినా తట్టుకున్న బండి, డ్యాష్‌బోర్డులో చెంచా నీళ్లకే తికమక పడటానికి కారణం ఇదే.

ఇక ఒక్కో పద్ధతి ఎలా ఉందో చెప్పుకుందాం.

వెంట్ల ముందు నుంచి కొట్టే ఫోమ్‌కు 5లో 1 మార్కు. ఆ ఒక్కటీ రెక్కల మీద కనిపించే మురికి పోతుంది కాబట్టి. ఏసీ వేయగానే వచ్చే పుల్లటి వాసన రెక్కల్లో పుట్టదు. గ్లవ్ బాక్సు లోపలి వైపు గాలిని చల్లబరిచే ఎవాపరేటర్ మీద, ఎప్పుడూ చెమ్మగా ఉండే అల్యూమినియం మడతల్లో పట్టిన బూజు నుంచి వస్తుంది. ముందు నుంచి కొట్టిన ఫోమ్ అక్కడిదాకా సరిగ్గా చేరదు. దారిలోనే నీరై, గొట్టంలోంచి కిందికి కారుతుంది. పైగా ఫోమ్‌లో సబ్బు గుణం ఉన్న పదార్థాలుంటాయి. మామూలు నీటి బొట్టు ప్లాస్టిక్ మీద గుండ్రంగా నిలుస్తుంది. సబ్బు కలిసిన నీరు పలచగా పరుచుకుని, వెంట్రుకంత సందులోకి కూడా పాకుతుంది. కప్లర్‌లో పిన్ను చుట్టూ ఉండే సందు అలాంటిదే. ఆ నీరు ఆరినా సబ్బు పొర మిగిలిపోతుంది. వాన రోజుల్లో అది గాల్లో తేమ పీల్చుకుని మళ్లీ తడవుతుంది. సెప్టెంబరులో చేయించిన క్లీనింగ్ నవంబరు వానలప్పుడు కష్టం తెచ్చేది ఈ దారిలోనే.

అదే ఫోమ్ డబ్బాను సరైన దారిలో వాడితే 5లో 4 ఇవ్వొచ్చు. సరైన దారి ఇది: ఇంజినూ బ్లోయరూ ఆపి, గ్లవ్ బాక్సు దించి, క్యాబిన్ ఫిల్టర్ తీసి, పొడవాటి గొట్టంతో ఎవాపరేటర్ మీద నేరుగా కొట్టాలి. లేదా ఏసీ నీళ్లు బయటికి పోయే, బండి కింద ఉండే డ్రైన్ పైపులోంచి పైకి పంపాలి. పావుగంట, ఇరవై నిమిషాలు వదిలితే ఫోమ్ నీరై మురికితో సహా డ్రైన్‌లోంచి కిందికి పోతుంది. ఒక జాగ్రత్త ఉంది. ఫిల్టర్ గూడు అన్ని కార్లలో ఒకేచోట ఉండదు. కొన్నింటిలో ఫిల్టర్ బ్లోయర్‌కూ ఎవాపరేటర్‌కూ మధ్యలో ఉంటుంది, అక్కడ ఫోమ్ కొట్టొచ్చు. కొన్నింటిలో బ్లోయర్‌కు పైన ఉంటుంది. అక్కడ కొడితే ఫోమంతా మోటారు మీద కురుస్తుంది. అలాంటి బండికి డ్రైన్ పైపు దారే మంచిది.

ఏ దారైనా డ్రైన్ తెరిచి ఉండాలి. ఈ ఒక్క పరీక్ష చేయని షెడ్డుకు ఫోమ్ పని అప్పగించొద్దు. పరీక్షకు పైసా ఖర్చు లేదు. బండిని చదునైన చోట నిలిపి పది నిమిషాలు ఏసీ నడపండి. గాల్లో ఉక్క ఉన్న రోజైతే ఎడమ వైపు బండి కింద నీళ్లు చుక్కలు చుక్కలుగా పడాలి. పడకపోతే పైపులో దుమ్మూ ఆకుముక్కలూ అడ్డుపడి ఉండొచ్చు. ఆ స్థితిలో డబ్బాడు ఫోమ్ లోపలికి పంపితే, నీరు బయటికి దారిలేక ఎవాపరేటర్ పెట్టెలోనే నిలిచి, ముందు సీటు కార్పెట్ మీదికో, బ్లోయర్ వైపుకో పొంగుతుంది. ఎడమ కార్పెట్ కింద వైరింగ్ పోయే బండ్లు చాలా ఉన్నాయి.

స్టీమ్‌కు 5లో 2. "డ్రై స్టీమ్, తడి ఉండదు" అంటారు గానీ, ఆవిరి చల్లటి వస్తువును తాకితే నీరే అవుతుంది. అప్పటిదాకా ఏసీ నడిపి తెచ్చిన బండిలో గొట్టాలు చల్లగా ఉంటాయి, ఇంకా ఎక్కువ నీరవుతుంది. సీట్లకూ ఫ్లోర్ మ్యాట్లకూ స్టీమ్ చక్కగా పనిచేస్తుంది. వెంట్ల జోలికి వద్దనండి.

కంప్రెసర్ గాలికి మార్కు ఆ కంప్రెసర్‌ను బట్టే. గాలిని నొక్కినప్పుడు అందులోని తేమ ట్యాంకు అడుగున నీళ్లుగా చేరుతుంది. అడుగు కుళాయి తిప్పి రోజూ ఆ నీళ్లు వదలాలి, లైనులో గాలిలోంచి నీళ్లను వేరుచేసే వాటర్ సెపరేటర్ ఉండాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాల వానల్లో, ట్యాంకులో నీళ్లు బాగానే చేరతాయి. పంక్చర్ షాపులో టైరుకు పట్టే గాలికి ఇది పెద్ద లెక్క కాదు. డ్యాష్‌బోర్డులోకి మాత్రం అది నీటి తుంపర కొట్టినట్టే, కొన్నిసార్లు ఆయిల్ కూడా కలిసి వస్తుంది. పరీక్ష తేలిక: ఎయిర్ గన్ ముందు జానెడు దూరంలో తెల్ల టిష్యూ కాగితం పట్టుకుని పది సెకన్లు గాలి కొట్టమనండి. కాగితం మీద తడి చుక్కలో, ఆయిల్ మరకో కనిపిస్తే ఆ గాలి మీ బండిలోకి వద్దు. పొడిగా ఉంటే 3 మార్కులు. అంతకు మించి ఇవ్వలేం, ఎందుకంటే జోరు గాలి దుమ్మును బయటికి తేవడం కన్నా లోపలికే ఎక్కువ నెడుతుంది, సన్న రెక్కల క్లిప్పులు విరుగుతాయి.

బ్రష్షుకూ వాక్యూమ్‌కూ 5కు 5. హార్డ్‌వేర్ షాపులో దొరికే అంగుళం పెయింట్ బ్రష్షు, మెత్తటి కుచ్చుది, చాలు. బ్లోయర్ ఆపి, రెక్కల్ని ఒకసారి పైకి, ఒకసారి కిందికి తిప్పుతూ దులపాలి. వాక్యూమ్ మూతిని బ్రష్షు పక్కనే పట్టుకోవాలి, దుమ్ము లేచిన చోటే లాగేస్తుంది. రెక్కల మీద జిడ్డు ఉంటే ఐస్‌క్రీమ్ పుల్లకు మైక్రోఫైబర్ గుడ్డ చుట్టి, గుడ్డ మీద రెండు పిచికారీలు మాత్రమే కొట్టి తుడవాలి. పిచికారీ ఎప్పుడూ గుడ్డ మీదే. వెంట్ మీద ఒక్కసారి కూడా వద్దు. చివర్లో అద్దాలన్నీ దించి, బ్లోయర్ ఫుల్‌లో రెండు నిమిషాలు నడిపితే మిగిలిన దుమ్ము బయటికి వస్తుంది. క్యాబిన్ ఫిల్టర్ కొత్తది వేయిస్తే గాలి జోరులో తేడా తెలుస్తుంది. వెంట్ క్లీనింగ్ తర్వాత గాలి పెరిగిందని చాలామంది అనుకునేది నిజానికి ఫిల్టర్ మార్చినందుకే.

మన ఊళ్లో బండ్లకు ఇంకో సంగతి ఉంది. అలిపిరిలో పూజ చేయించిన బండిలో డ్యాష్‌బోర్డు మీద కుంకుమ, పసుపు, విభూది, అగరొత్తి బూడిద ఉంటాయి. అవి ముందు అద్దం కిందున్న డీఫ్రాస్ట్ సందులోకీ మధ్య వెంట్లలోకీ రాలతాయి. పొడిగా ఉన్నంతవరకు వాటితో ఏ నష్టమూ లేదు. వాటి మీద తడి గుడ్డ వేస్తే ముద్దయి కారిపోతాయి. బూడిద కలిసిన నీళ్లకు క్షార గుణం వస్తుంది, కరెంటు మామూలు నీళ్ల కన్నా బాగా పారుతుంది. కొబ్బరి నీళ్లలోనూ లవణాలూ చక్కెరా ఉంటాయి, ఆరాక బంకలా పట్టుకుని చెమ్మను వదలవు. కాబట్టి పూజ సామాగ్రి పడిన చోట ముందు పొడి బ్రష్షు, వాక్యూమ్. గుడ్డ ఆ తర్వాతే.

ఇప్పుడు తడి దిగిపోయింది అనుకుందాం. లోపల జరిగేది రెండు రకాలు. మొదటిది, స్విచ్చు నొక్కినట్టు భ్రమ. బాడీ కంట్రోల్ మాడ్యూల్ చాలా స్విచ్చుల నుంచి పెద్ద కరెంటు తీసుకోదు, చిన్న సంకేతం మాత్రమే చూస్తుంది. రెండు పిన్నుల మధ్య తడి పొర ఏర్పడి కొన్ని వేల ఓమ్‌ల దారి దొరికినా, అది స్విచ్చు నొక్కారని అనుకోవచ్చు. ఎవరూ ముట్టకుండానే హజార్డ్ లైట్లు వెలగడం, లాకు టకటకమనడం ఇందువల్లే. స్టీరింగ్ మీది ఆడియో బటన్లలో చాలావాటికి ఒకే తీగ మీద ఒక్కో బటనుకు ఒక్కో రెసిస్టెన్స్ పెడతారు. తడి ఇంకో రెసిస్టెన్స్ లాగా పక్కన చేరితే మొత్తం విలువ మారిపోతుంది. వాల్యూమ్ నొక్కితే పాట మారడం అందుకే. రెండో రకం చిలుము. తడి ఉన్నచోట 12 వోల్టుల డీసీ నిలిచి ఉంటే పాజిటివ్ పిన్నులో రాగి కరిగి, పచ్చటి చిలుముగా పేరుకుంటుంది. కరెంటు లేకపోతే ఈ పని చాలా నెమ్మదిస్తుంది. అందుకే తడి దిగిన మొదటి పది నిమిషాల్లో బ్యాటరీ తీయడానికి మించిన మందు లేదు.

వరస ఇది. ఇగ్నిషన్ ఆపండి. "ఒకసారి స్టార్ట్ చేసి చూద్దాం" అని షెడ్డులో ఎవరన్నా ఒప్పుకోవద్దు. రిమోట్ తాళం లోపలున్న మామూలు తాళంచెవి మీ చేతిలో ఉందో లేదో చూసుకుని, బానెట్ తెరిచి, 10 నంబర్ స్పానర్‌తో నెగెటివ్ తీగ ముందు విప్పండి. తీగ చివరకు గుడ్డ చుట్టి పక్కకు వంచండి. తర్వాత కనిపించే తడిని గుడ్డతో అద్దండి, రుద్దొద్దు. వెంట్లూ ప్యానెళ్లూ ఊడదీయాల్సి వస్తే బ్యాటరీ తీసి కనీసం మూడు నిమిషాలు ఆగాలి, ఎయిర్ బ్యాగ్ సర్క్యూట్‌లో మిగిలిన కరెంటు దిగడానికి. మీ బండి మాన్యువల్ ఇంకా ఎక్కువ చెప్తే అదే పాటించండి. పసుపు రంగు కప్లర్లు ఎయిర్ బ్యాగువి, వాటిని విప్పొద్దు, వాటికి మల్టీమీటర్ పెట్టొద్దు. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ బండ్లలో ఆరెంజ్ తీగల జోలికి అసలు పోవద్దు.

ప్లాస్టిక్ గరిటె లాంటి ట్రిమ్ టూల్‌తో హజార్డ్ స్విచ్ బయటికి లాగి, కప్లర్ విప్పి, రెండు వైపులా చూడండి. స్క్రూడ్రైవర్‌తో తెరిస్తే డ్యాష్‌బోర్డు అంచు చెక్కుకుపోతుంది. కప్లర్ విప్పకుండా ఆరబెట్టడం సగం పనే. మూసిన కప్లర్‌లో తడి రోజుల తరబడి ఉండిపోతుంది. విప్పి ఉంచితే మేలో ఎండకు పూటలో ఆరేది, నవంబరులో ఒకటిన్నర రోజైనా పట్టొచ్చు. హెయిర్ డ్రయ్యర్ పెడితే అడుగు దూరంలో, తక్కువ వేడిలో పెట్టండి. చేయి అడ్డం పెడితే భరించగలిగే వేడి మించకూడదు. ఎండలో ఆరబెట్టేటప్పుడు అద్దాలు రెండు వేళ్ల సందు దించి, టచ్ స్క్రీన్ మీద గుడ్డ కప్పండి.

ఆరబెట్టడానికి మార్కెట్లో దొరికే వాటి సంగతి. స్విచ్చు పిన్నుల్ని కడిగే స్ప్రే, కాంటాక్ట్ క్లీనర్, అన్నింటికన్నా మంచిది, 5కు 5, ప్లాస్టిక్‌కు హాని చేయదని డబ్బా మీద రాసి ఉంటేనే. త్వరగా ఆవిరైపోతుంది, జిడ్డు మిగల్చదు, సబ్బు పొరను కడిగేస్తుంది. స్విచ్చు లోపలికి రెండు చిన్న పిచికారీలు కొట్టి, పదిహేను ఇరవై సార్లు నొక్కి వదిలి, మళ్లీ ఒకసారి కొట్టి, ఇరవై నిమిషాలు ఆగాలి. మంట అంటుకునే సరుకు కాబట్టి బ్యాటరీ తీసి, డోర్లన్నీ తెరిచి వాడాలి. మీటర్ అద్దం మీదా స్క్రీన్ మీదా పడనివ్వొద్దు, మసకబారే అవకాశం ఉంది. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌కు 4. మొబైల్ రిపేర్ సామాన్లు అమ్మే షాపుల్లో అడగండి. చిన్న బ్రష్షుతో పిన్నులకు రాసి ఆరనిస్తే చాలు. మెడికల్ షాపులో దొరికే హ్యాండ్ శానిటైజర్ దీనికి బదులు కాదు. అందులో నీళ్లూ, చేతులు పొడిబారకుండా వేసే గ్లిజరిన్ లాంటివీ ఉంటాయి, అవి అక్కడే ఉండిపోతాయి.

నీలం, పసుపు డబ్బాలో వచ్చే మామూలు డబ్ల్యూడీ-40 ప్రతి షెడ్డులో ఉంటుంది, అందరూ ముందు దాన్నే చేతిలోకి తీసుకుంటారు. పేరులో ఉన్నదే నీటిని తోసేయడం. 1953లో తుప్పు రాకుండా, నీళ్లు నిలవకుండా ఉండేందుకు తయారైన సరుకు అది. తడిసిన బోల్టులకూ తలుపు కీళ్లకూ బాగుంటుంది. స్విచ్చు లోపలికి మాత్రం 5లో 2, ఎందుకంటే సన్నటి నూనె పొర మిగిల్చి దుమ్మును పట్టుకుంటుంది. మన రోడ్ల దుమ్ములో ఆర్నెల్లకు ఆ స్విచ్చు బంకగా తయారవుతుంది. అదే కంపెనీ కాంటాక్ట్ క్లీనర్ పేరుతో అమ్మే డబ్బా వేరు, కొనేటప్పుడు పేరు చదివి తీసుకోండి. సిలికాన్ గ్రీజు అంతా ఆరాక, కప్లర్ అంచు చుట్టూ పలచగా రాయడానికే. తడి మీద రాస్తే ఆ తడిని లోపలే మూసేసినట్టు.

ఆరిందో లేదో కంటితో తేల్చుకోవద్దు. మామూలు మల్టీమీటర్ ఉంటే చాలు. విప్పి బయటికి తీసిన స్విచ్చును ఆఫ్‌లో పెట్టి, దాని కాంటాక్ట్ పిన్నుల మధ్య ఓమ్స్ చూడండి. దారి లేనట్టు చూపాలి. వేల ఓమ్‌లలో ఏదో అంకె ఊగుతూ కనిపిస్తే ఇంకా తడి ఉన్నట్టే. స్విచ్చులో వెలిగే చిన్న లైటు పిన్నుల మధ్య అంకె రావడం మామూలే, దాంతో కలపొద్దు. బ్యాటరీ తిరిగి తగిలించాక గడియారం, పవర్ విండో ఆటో పనితీరు మళ్లీ సెట్ చేయాల్సి రావచ్చు, అది ఫాల్టు కాదు.

లక్షణాన్ని బట్టి ఎక్కడ వెతకాలో ఇప్పుడు చూద్దాం. నాలుగు ఇండికేటర్లూ వాటంతటవే కొట్టుకుంటుంటే హజార్డ్ స్విచ్. దీన్ని రాత్రికి అలా వదిలేయొద్దు. 21 వాట్ల బల్బులు నాలుగంటే వెలిగినప్పుడు 7 ఆంప్స్, సగం సమయం ఆరి ఉంటాయి కాబట్టి సగటున 3.5. చిన్న కారు 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ లెక్కప్రకారం పది గంటలే, పొద్దున స్టార్ట్ కాకుండా పోవడానికి అంతకన్నా ముందే చాలు.

బ్లోయర్ 1, 2, 3 స్పీడుల్లో తిరగక, ఫుల్‌లో మాత్రమే తిరిగితే రెసిస్టర్ పోయిందన్నమాట. తక్కువ స్పీడులకు కరెంటు రెసిస్టర్ గుండా వెళ్తుంది, ఫుల్ స్పీడుకు నేరుగా వెళ్తుంది. ఆటోమేటిక్ ఏసీ బండ్లలో రెసిస్టర్ బదులు పవర్ మాడ్యూల్ ఉంటుంది, అక్కడ లక్షణం ఇంత స్పష్టంగా ఉండదు. కొత్త రెసిస్టర్ వేసే ముందు దాని కప్లర్ తప్పకుండా చూడమనండి. చిలుము పట్టిన పిన్నులో పదో వంతు ఓమ్ అడ్డం చేరినా, 15 ఆంప్స్ పారేటప్పుడు ఆ ఒక్క చోటే 22 వాట్లకు పైగా వేడి పుడుతుంది. ప్లాస్టిక్ కరగడానికి అంత చాలు. కరిగిన కప్లర్‌కే కొత్త రెసిస్టర్ తగిలిస్తే నెల తిరక్కముందే మళ్లీ అదే పని.

ఈ ఫాల్టు మిగతా ఊళ్ల కన్నా మనకు ఎక్కువ లెక్క. చలికాలం తెల్లవారుజామున ఘాట్ రోడ్డులో మంచు కమ్మినప్పుడు ముందు అద్దం లోపలి చెమ్మను తీసేది బ్లోయరే. హజార్డ్, హారన్, వైపర్, బ్లోయర్ అన్ని స్పీడులూ సరిగ్గా ఉన్నాయని తేలేదాకా ఆ బండితో అలిపిరి దాటి పైకి వెళ్లొద్దు.

టచ్ స్క్రీన్ తనంతట తాను నొక్కుకుంటుంటే ముందు పొడి గుడ్డతో తుడిచి, బ్యాటరీ తీసి ఒక రోజు ఆగండి. చాలాసార్లు తడి అంచుల్లోనే ఉంటుంది. స్క్రీన్ ఊడదీసి క్లీనర్ కొట్టే పని వద్దు. లాకులూ అద్దాలూ ఇండికేటర్లూ ఒకేసారి తిక్కగా చేస్తుంటే విడి స్విచ్చు కాదు, డ్రైవర్ వైపు ఫ్యూజు బాక్సు, బాడీ కంట్రోల్ మాడ్యూల్ చూడాలి. అప్పుడు బండి మాడ్యూళ్లలోని ఫాల్టు కోడ్లు చదివే స్కానర్ పెట్టించండి. చవకగా దొరికే బ్లూటూత్ స్కానర్లు చాలావరకు ఇంజిన్ కోడ్లే చదువుతాయి. ఈ పనికి బాడీ మాడ్యూల్‌ను కూడా చదివే స్కానర్ ఉన్న ఆటో ఎలక్ట్రీషియన్ కావాలి. యూ0140 అని వస్తే బాడీ కంట్రోల్ మాడ్యూల్‌తో మాటలు తెగిపోయాయని అర్థం. మాడ్యూలే పోయిందని కాదు. కొత్తది ఆర్డర్ చేసే ముందు కప్లర్లు విప్పి చూడమనాలి. మామూలుగా స్కానర్ తగిలించే ఓబీడీ సాకెట్‌లో 6, 14 పిన్నుల మధ్య, బ్యాటరీ తీసిన తర్వాత, 60 ఓమ్‌ల దగ్గర ఉండాలి. మాడ్యూళ్లు మాట్లాడుకునే తీగల జతకు రెండు చివర్లా ఉండే 120 ఓమ్‌లు పక్కపక్కన కలిసిన లెక్క అది. 120 వస్తే ఒక వైపు తెగింది. 60 కన్నా బాగా తక్కువ వస్తే ఎక్కడో తడో, షార్టో ఉంది.

రాత్రి ఆపిన బండి రెండు రోజులకు స్టార్ట్ కావడం లేదంటే దొంగ కరెంటు, అంటే బండి ఆపాక కూడా బ్యాటరీని తినే కరెంటు, కొలవాలి. మల్టీమీటర్‌ను 10 ఆంప్స్‌లో పెట్టి, నెగెటివ్ తీగకూ బ్యాటరీకీ మధ్య వరసలో కలపండి. బండి లాక్ చేసి అరగంట నుంచి ముప్పావుగంట ఆగాలి, మాడ్యూళ్లన్నీ నిద్రపోవాలి కదా. ఆ తర్వాత 50 మిల్లీ ఆంప్స్ లోపుంటే మామూలు. 500 ఉంటే 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ మూడు రోజుల్లోపే ఖాళీ. మీటర్ కలిపి ఉండగా స్టార్ట్ చేయొద్దు, మీటర్ కాలిపోతుంది. ఒక్కో ఫ్యూజు తీస్తూ పోతే అంకె ఎక్కడ పడిపోతే ఆ లైనులోనే కరెంటు పోతోంది, తడి కోసం అక్కడ వెతకాలి.

ఇదంతా క్లీనింగ్ వల్ల కాకపోవచ్చు కూడా. వాన తర్వాతే మొదలైతే ముందు అద్దం కిందున్న నల్ల జాలీ చూడండి. కొండ మీద చెట్ల కింద నిలిపే బండ్లలో అక్కడ ఆకులు పేరుకుని నీళ్లు పోయే రంధ్రాలు మూసుకుపోతాయి, వాన నీరు బ్లోయర్ గాలి పీల్చే దారిలోకి పొంగుతుంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్న బండైతే 2021 నవంబరు వరద నీళ్లు చూసిందేమో కూడా ఆలోచించాలి. సీటు కింద కప్లర్లలో పాత చిలుము ఉంటే అర్థమైపోతుంది.

షెడ్డులో పని ఒప్పుకునే ముందు మూడు మాటలు అడగండి: నాజిల్ ఎక్కడ పెడతారు, డ్రైన్ చూశారా, ఫిల్టర్ తీస్తారా. ఇంజిన్ ఆన్ చేసి, వార్నింగ్ లైట్లేవీ లేవని డ్యాష్‌బోర్డు మీటర్ ఫొటో తీసుకుని ఇవ్వండి. తిరిగి తీసుకునేటప్పుడు అక్కడే బ్లోయర్ అన్ని స్పీడులు, హజార్డ్, హారన్, వైపర్, నాలుగు అద్దాలు, లాకు, రివర్స్ కెమెరా చూసి, ఎడమ కార్పెట్ చేత్తో నొక్కి చూడండి. ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోవద్దు. సొంత బండి నష్టానికిచ్చే మామూలు ఓన్ డ్యామేజీ పాలసీలో ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్ మినహాయింపుల్లో ఉంటుంది. వారంటీ ఉన్న బండైతే తడి దిగిన రోజే ఫొటోలు తీసి, బయట ఎవరూ తీగలు కత్తిరించి అతికించకముందే సర్వీసు సెంటర్ జాబ్ కార్డులో "డ్యాష్‌బోర్డులోకి నీరు దిగింది" అని రాయించండి. ఊరికే "ఇండికేటర్ ప్రాబ్లం" అని రాస్తే స్విచ్చు మార్చి పంపుతారు, తడి అక్కడే ఉంటుంది.

ఎయిర్ బ్యాగ్ లైటు వెలిగితే, కాలిన వాసన వస్తే, ఒకే ఫ్యూజు రెండోసారి పోతే ఇంట్లో చేసే పని అక్కడితో ఆపండి. ఎక్కువ ఆంప్స్ ఫ్యూజు వేసి నడిపించొద్దు, ఫ్యూజు బదులు తీగ కాలుతుంది. అంతా బాగైన బండిలో కూడా నెల రోజులకు హజార్డ్ స్విచ్, రెసిస్టర్ కప్లర్లు ఒకసారి విప్పి పిన్నులు చూడండి. రాగి రంగో, వెండి రంగో మెరుస్తుంటే వదిలేయొచ్చు. అంచుల్లో పచ్చగా మొదలైతే ఆల్కహాల్‌తో బ్రష్షు చేసి, ఆరబెట్టి, ఇంకో నెలకు మళ్లీ చూడాలి. అప్పటికీ పచ్చ తిరిగి వస్తే ఆ కప్లర్ పిన్నులు కొత్తవి వేయించండి.